విమలమ్మ కనుబొమ్మలు

సిద్దిపేటలో బ్యూటీ పార్లర్ బోర్డులు ఇంకా లేని రోజుల్లో, కనుబొమ్మలు తీర్చుకోవాలనుకునే ఆడవాళ్లు సఫూరా ఇంటికి వెళ్లేవాళ్లు. పాత కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు ఆమెది. భర్త అజీజ్ గల్లీ మొదట్లో సైకిళ్లు బాగుచేసేవాడు. సఫూరాకు ఊహ తెలియకముందే తల్లి చనిపోతే, హైదరాబాదులో ఉండే ఖాలా, అంటే తల్లి చెల్లెలు, తీసుకుపోయి పెంచింది. దారం కొసను పళ్ల మధ్య పట్టి, మిగతాది రెండు చేతుల వేళ్లకు మెలివేసి, వెంట్రుకను కుదురుతో సహా లాగడం ఆమె దగ్గరే నేర్చుకుంది.

సఫూరా చెయ్యి తేలిక. పైగా తొందరపడేది కాదు. వచ్చినామెను వెలుతురులో కూర్చోబెట్టి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతకంటె సన్నగ వద్దు, నీకు నప్పదు" అని ఉన్నమాట చెప్పేసేది. పని అయ్యాక మంట తగ్గడానికి కలబంద గుజ్జు రాసి, పడుకునే ముందు ఆముదం రాసుకోమనేది.

పక్కిల్లు కాశీనాథానిది. ఆయనకు మెయిన్ రోడ్డు మీద స్టీలు గిన్నెల దుకాణం ఉండేది. ఇంట్లో తల్లి రాధాబాయి, భార్య విమలమ్మ, ఒక కూతురు, ఒక కొడుకు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. విమలమ్మ కనుబొమ్మలు దట్టంగా, నడుమ కలిసిపోయి ఉండేవి. అత్తకు భయపడి చాలాకాలం వెనకాడి, చివరికి ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం రాధాబాయి కోడలిని ఎగాదిగా చూసి, "ఇయ్యాల ముఖం మంచిగ కడుక్కున్నట్టున్నవ్" అంది. విమలమ్మ గోడ దగ్గరికి వచ్చి ఆ మాట చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పటినుంచి నెలనెలా వచ్చేది. పని పది నిమిషాల్లో అయిపోయినా, చాయ్ తాగుతూ చాలాసేపు కూర్చునేది. సఫూరాకు ఆ ఊళ్లో అక్క అని పిలుచుకునే మనిషి ఆమె ఒక్కతే.

ఒక ఏడాది వానలు మొదలయ్యాక, దారం పట్టుకున్న సఫూరా చెయ్యి ఆగిపోయింది.

"అక్కా, కొసలకాడ వెంట్రుకలు లేవేంది?"

"నువ్వే తీసి ఉంటవ్."

"నేను కొసలు ముట్టనే ముట్టలే."

ఆ రోజు దారం పక్కన పెట్టేసింది. ఆముదం రాయమంది, ఉల్లిగడ్డ రసం రాయమంది. వచ్చినప్పుడల్లా వేలితో తడిమి చూసేది. మొలకెత్తిన జాడ లేదు సరికదా, ఉన్నవి కూడా కొసల నుంచి లోపలికి రాలుతూ వచ్చాయి. బతుకమ్మ పండుగ నాటికి కళ్ల మీద రెండు పలచని మరకలు మాత్రం మిగిలాయి. పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చున్న విమలమ్మకు సఫూరా కాటుకతో కనుబొమ్మలు దిద్దింది. అద్దంలో చూసుకుని విమలమ్మ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"ఏడ్వకు అక్కా, కాటిక కారుతది" అంది సఫూరా.

కాటుక కన్నీళ్లకు కారలేదు. బతుకమ్మ చుట్టూ తిరిగి ఆడేసరికి పట్టిన చెమటకు కారింది. నలుగురి మధ్యలో రాధాబాయి కోడలి ముఖాన్ని చూసింది.

మరునాడు పొద్దున్నే ఆమె కోడల్ని వెంటబెట్టుకుని సఫూరా ఇంటి గడపలోకి వచ్చింది. అప్పటికే కనుబొమ్మల కోసం ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చుని ఉన్నారు.

"ఏందే సఫూరా, నా కోడలి ముఖం ఏం చేసినవే? దారం గుంజి గుంజి బోడి ముఖం చేసినవ్ గదనే!"

"నేను తియ్యలే పెద్దమ్మా. వానకాలం సంది దారమే పెట్టలే. కావాల్నంటె అక్కనే అడుగు."

అందరూ విమలమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నుదుటి మీదికి లాక్కుంది.

"దారంతోనే పోయినయి కావచ్చు" అంది నేల చూస్తూ.

కూర్చున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్లీ వస్తామని లేచిపోయారు. తర్వాత రాలేదు.

గోడ అవతల విమలమ్మ గాజుల చప్పుడు వినిపిస్తే సఫూరా లోపలికి వెళ్లిపోయేది. విమలమ్మ అలా ఎందుకన్నదో ఎంత ఆలోచించినా తెలియలేదు. అత్త ముందు భయపడి అని ఉంటుందిలే అని ఒకసారి అనుకునేది. భయమైతే తర్వాతైనా వచ్చి ఒక మాట చెప్పొచ్చు కదా అని మళ్లీ కోపం తెచ్చుకునేది.

కొన్నాళ్లకు జ్వరం వచ్చి సఫూరా సర్కారు దవాఖానకు వెళ్లింది. మందు తీసుకుని వెనకవైపు నుంచి బయటికి వస్తుంటే, చివరి గదిలో విమలమ్మ కనిపించింది. ఆమె ముందు సామ్యూల్ కూర్చుని ఉన్నాడు. మచ్చలకు మందులిచ్చే ఉద్యోగి అతను. సైకిలు మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి అందరికీ తెలుసు. అతను చూస్తుండగా విమలమ్మ గోలీలు మింగి, నీళ్లు తాగి, తల ఎత్తి సఫూరాను చూసింది.

ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. విమలమ్మ జాకెట్ చెయ్యి పైకి లాగి, మోచేతి కింద పాలిపోయిన మచ్చ చూపించింది.

"గిచ్చు."

సఫూరా గిచ్చింది.

"ఇంక గట్టిగ గిచ్చు."

గోళ్లు దిగేలా గిచ్చింది. విమలమ్మ ముఖంలో ఏమీ మారలేదు.

"తెలుస్తలేదు" అంది. "పెద్దరోగం సఫూరా. కనుబొమ్మలు అందుకే పోయినయి. రెండేండ్లు గోలీలు మింగితె పోతదంటుండు సామ్యూల్. మందు మొదలువెట్టినంక ఎవ్వరికీ అంటుకోదట. సూదులకని చెప్పి పిల్లలను గూడ తెచ్చి చూపించిన. వాళ్లకేం లేదన్నడు."

"నీకెప్పుడు తెల్సింది?"

"బతుకమ్మకు ముందుగాల్నే. బడి గోడ మీద కుష్ఠురోగం గురించి రాసింది చదివి నేనే వచ్చిన."

"అంటె మీ అత్త నా మీదికి వచ్చిన్నాడు నీకు తెల్సు."

విమలమ్మ తల వంచుకుంది. "తెల్సు. తెల్సే అన్న."

"నా దగ్గరికి ఇప్పుడు ఒక్క మనిషి వస్తలేదు అక్కా."

"మా ఇంట్ల తెలిస్తె నన్ను ఒక్క దినం ఉంచరు. పిల్లలను ముట్టనియ్యరు. మా ఆయన చెడ్డోడు కాదు గని తల్లి మాట దాటడు. నేనేం చెయ్యాలె చెప్పు."

సఫూరా కొంగు దులుపుకుని లేచి వచ్చేసింది. దారి పొడుగునా జాలి కంటే కోపమే ఎక్కువగా ఉంది. రోగం వచ్చింది సరే, తన మీదెందుకు వెయ్యాలి? ఒక్కసారి చెవిలో చెప్పి ఉంటే తను కాదనేదా?

ఆ వారంలోనే రాధాబాయి మళ్లీ వచ్చింది. ఈసారి అరవలేదు. గడప మీదే నిలబడి, "నిజం చెప్పు సఫూరా, నువ్వు ఏమన్న రాసినవా? రేపు మావోడు దాన్ని హైదరాబాద్ తీస్కపోతుండు. పెద్ద తోలు డాక్టరుకు చూపిస్తం. మళ్ల మొలుస్తయో లేదో ఆయననే చెప్తడు" అంది.

పెద్ద డాక్టరు ఆ ముఖం చూడగానే సంగతి చెప్పేస్తాడు. పక్కన కాశీనాథం ఉంటాడు. గోడ అవతల విమలమ్మ కూతురు రాజమణి జడ వేయమని తల్లిని పిలుస్తోంది. ఆ పిలుపు విని సఫూరా నిలబడిపోయింది. ఖాలా మంచిదే. అన్నం పెట్టింది, పని నేర్పింది. కాని ఆమెకు సొంత పిల్లలు ఐదుగురు. సఫూరా తల చిక్కు ఎప్పుడూ చివర్లో, పని తొందరలో దువ్వేవాళ్లు. ఒక్కోరోజు అదీ లేదు.

"డాక్టరు ఎందుకు పెద్దమ్మా" అంది. "తప్పు నాదే. దారం నొస్తదని అక్క అంటె పొడి రాసిన. వెంట్రుకలు ఊడే పొడి. ఎక్కువసేపు ఉంచిన. కుదుర్లు కాలిపోయినయి. ఇగ ఏ డాక్టరుకు చూపించినా రావు."

తర్వాత రాధాబాయి అన్న మాటలు గల్లీ అంతా విన్నది. హైదరాబాదు ప్రయాణం ఆగిపోయింది. కాశీనాథం సైకిల్ దుకాణం ముందు స్కూటర్ ఆపి, నీ పెండ్లాంకు బుద్ధి చెప్పుకోమని అజీజ్‌తో అని పోయాడు. ఆ సాయంత్రం అజీజ్ అన్నం ముందు కూర్చుని, "పొడి రాసినవా?" అని అడిగాడు.

"రాసిన."

అలాంటి పొడి ఆ ఇంట్లో అతను ఎన్నడూ చూడలేదు. పెళ్లాం తనతో అబద్ధం ఆడుతోందని అతనికి అర్థమైంది. ఎందుకో అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు. చాలా రోజులు ముఖం చూడకుండా తిని లేచిపోయాడు.

సఫూరాకూ చెప్పాలని ఉండేది. కాని అతని దుకాణం దగ్గర పొద్దస్తమానం నలుగురు కూర్చుంటారు. ఎప్పుడైనా ఎవడో తనను తిడితే, పౌరుషం కొద్దీ అతను నోరు జారితే? అందుకే చెప్పలేదు.

కనుబొమ్మల కోసం గల్లీలోకి ఇంకెవరూ రాలేదు. సఫూరా బీడీలు చేయడం నేర్చుకుంది. తునికాకు కత్తిరించి కత్తిరించి వేళ్లు మొరటుబారాయి.

గోలీల వల్ల విమలమ్మ ఒళ్లు నల్లబడింది. ఆ పొడి విషమే ఒళ్లంతా పాకిందని రాధాబాయి నలుగురికీ చెప్పింది. మొదట్లో విమలమ్మ మధ్యాహ్నాలు గోడ దగ్గరికి వచ్చి మెల్లగా పిలిచేది. "ఈ నెల గోలీలు గూడ మింగిన సఫూరా. చిటికెన వేలు వంకర పోలే, మంచిగనే వంగుతుంది" అని చెప్పేది. సఫూరా కోపం అప్పటికి పోయింది. గోడ మీద చెయ్యి పెట్టి వినేది. రోగం తగ్గుతున్నకొద్దీ ఆ పిలుపులు తగ్గాయి. తనను చూస్తే రోగం గుర్తొస్తుందో, ఆ రోజు అత్త ముందు అన్న మాట గుర్తొస్తుందో సఫూరాకు తెలియలేదు. మందు పూర్తయిందని కూడా సామ్యూల్ ఎదురుపడినప్పుడు అడిగితేనే తెలిసింది. తర్వాత ఏడాది కాశీనాథం ఊరి చివర కొత్త ఇల్లు కట్టాడు. సామాను బండి ఎక్కిస్తున్న రోజు సఫూరా తలుపు దగ్గరే నిలబడింది. విమలమ్మ ఇటు చూడకుండా రిక్షా ఎక్కింది. ఇంట్లోకి వచ్చిన సఫూరాకు ఆ పూట బీడీల చాట ముట్టుకోబుద్ధి కాలేదు.

ఏళ్లు గడిచాయి. రాధాబాయి కాలం చేసింది. ఊళ్లో రెండు మూడు బ్యూటీ పార్లర్లు వచ్చాయి. గజ్వేల్‌లో చుట్టాల పెళ్లికి వెళ్లడానికి ఒక ఉదయం సఫూరా, అజీజ్ బస్టాండుకు వచ్చారు. అక్కడ కాశీనాథం కుటుంబమంతా ఉంది. పసుపు ఆరని తాళితో రాజమణి, పక్కన పెళ్లికొడుకు, అతని తల్లీతండ్రీ. పిల్లను అత్తగారింటికి సాగనంపుతున్నారు. రాజమణి కనుబొమ్మలు చక్కగా తీర్చి ఉన్నాయి. తల్లి వాటిలాగే అవీ ఒకప్పుడు దట్టంగా ఉండేవని సఫూరాకు తెలుసు. విమలమ్మ ఒంటి రంగు మామూలుకు వచ్చింది. కళ్ల మీద మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది.

సఫూరా పక్కకు తప్పుకోబోయింది. ఈలోపు రాజమణి గుర్తుపట్టింది.

"నువ్వు సఫూరావు గద! మా అమ్మ ముఖం గిట్ల చేసింది నువ్వే గద! నా పెండ్లి ఫోటోలల్ల అమ్మ తలకాయ వంచుకోనే నిలవడ్డది తెల్సా?"

పెళ్లికొడుకు తల్లి ఏమైందన్నట్టు ముందుకు వచ్చింది. విమలమ్మ పెదవులు కదిలాయి. "బిడ్డా, గామె కాదు..." అంది. ఇంకొక్క మాట అంటే బయటపడిపోతుంది. కొత్త వియ్యపురాలు చెవి ఇటే పెట్టి వింటోంది. సఫూరా విమలమ్మ కళ్లలోకి చూసి, వద్దని తల ఊపింది.

"నేనే బిడ్డా" అంది రాజమణితో. "నా చేతులనే తప్పయింది. నువ్వు సల్లగ ఉండు."

విమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆపినా ఆగలేదు. కనుబొమ్మల కోసం ఏడుస్తోందనుకుని రాజమణి తల్లి భుజం మీద చెయ్యి వేసి, సఫూరాను మరింత కోపంగా చూసింది. గజ్వేల్ బస్సు వచ్చింది. అజీజ్ సఫూరా చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

బస్సు ఊరు దాటింది. అజీజ్ ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు.

"ఒక పిల్ల నిన్ను నలుగురిల గంత మాట అంటె, నువ్వు దానికి దీవెనలిస్తవా?" అన్నాడు.

అప్పుడు సఫూరా చెప్పింది. దవాఖాన మెట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఎవరికీ వినపడకుండా మెల్లగా, అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. దారం పని పోయినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది.

అజీజ్ కిటికీ వైపు తిరిగాడు. "ఇన్నేండ్లు నాకు గూడ చెప్పలే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. దెబ్బ తగిలిన మనిషి గొంతులా ఉంది. సఫూరా అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. అతను తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. చేలు, తుమ్మచెట్లు, చిన్న ఊళ్లు వెనక్కి పోతున్నాయి.

గజ్వేల్ దగ్గరపడి జనం మూటలు సర్దుకుంటున్నప్పుడు అతను ఇటు తిరిగాడు.

"ఆమెకు మొత్తం తక్కువైందా?"

"అయింది."

"మళ్ల రాదు గద?"

"రాదన్నడు సామ్యూల్."

అజీజ్ తల ఊపాడు. లేచి, పైన పెట్టిన సంచీ దించి, ఆమె దిగడానికి దారి ఇచ్చాడు.