సింగిల్‌కి గది లేదు

హోటళ్ళలోనూ కులాలున్నాయి. ఈ సంగతి జానకిరామ్‌కి ఎవరూ పాఠం చెప్పలేదు, ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే తనకే తెలిసొచ్చింది.

అన్నిటికన్నా కింద కాకా హోటల్. అక్కడ బల్ల మీద నాలుగు నీళ్ళచుక్కలు చిలకరించి, బల్లకన్నా మురికిగా ఉన్న గుడ్డతో తుడిస్తే శుభ్రమైపోయినట్టే. దాని మీద టిఫిన్ హోటల్. దాని మీద మెస్. ఆ పైన లాడ్జి. లాడ్జికి నాలుగు ఏసీలు బిగిస్తే అది బోర్డు మార్చుకుని రెసిడెన్సీ అయిపోతుంది. కొబ్బరితోటల మధ్య నాలుగు గదులు కట్టి, ఊయల వేలాడదీస్తే రిసార్టు. అందరి నెత్తిమీదా కూర్చునేది స్టార్ హోటల్. కాకా హోటల్లో పనిచేసేవాణ్ణి 'ఒరేయ్' అంటారు. మెస్‌లో 'ఏవయ్యా' అంటారు. లాడ్జిలో 'మేనేజరు గారండీ' అంటారు. స్టార్ హోటల్లో మాత్రం సాటి పనివాళ్ళు కూడా 'సార్' అనే పిలుస్తారు. ఆ ఒక్క పిలుపు కోసం జానకిరామ్ చాలా ఏళ్ళుగా నోరూరించుకుంటూ బతుకుతున్నాడు.

టిఫిన్ హోటల్లో బల్లలు తుడిచాడు, మెస్‌లో సాంబారు బకెట్టు మోశాడు. ఇప్పుడు రాజమండ్రి బస్టాండు దగ్గర శ్రీ వీరదుర్గా లాడ్జికి మేనేజరు. ఇంతలో పుష్కరాలొస్తున్నాయని గోదావరి గట్టున 'నదీతీర' అని ఒక స్టార్ హోటల్ లేచింది. అందులో ఫ్రంట్ ఆఫీసు మేనేజరు ఉద్యోగానికి జానకిరామ్‌ని ఇంటర్వ్యూకి పిలిచారు. ఈ మెట్టు ఇప్పుడు ఎక్కకపోతే ఇక ఎక్కే వయసు లేదని అతనికి తెలుసు.

లాడ్జి నడిపేవాళ్ళకి ఒక ధర్మశాస్త్రం ఉంది. అందులో మొదటి సూత్రం, సింగిల్‌కి గది ఇవ్వకూడదు. జంటకి ఇవ్వొచ్చు, పిల్లాపీచుతో వచ్చినవాళ్ళకి ఇవ్వొచ్చు, పేకాటకొచ్చిన గుంపుకైనా ఇవ్వొచ్చు. ఒంటరిగా వచ్చిన మనిషి మాత్రం పడుకోవడానికి వచ్చాడో, మళ్ళీ లేవకుండా పడుకోవడానికి వచ్చాడో ఎవరు చెప్పగలరు? జానకిరామ్ లాడ్జిలోనే ఒకసారి ఒక పెద్దమనిషి గది తీసుకుని పొద్దున్న తలుపు తియ్యలేదు. పోలీసులొచ్చి తలుపు పగలగొట్టారు. ఓనరు భీమరాజు గారు వచ్చి చూసి, "పోయినవాడు పోయాడు, మంచి టేకు తలుపు పాడుచేసి పోయాడు" అని బాధపడ్డారు.

అప్పటినుంచి జానకిరామ్‌కి ఆ సూత్రం మీద భక్తి కుదిరింది. వాట్సాప్‌లో 'లాడ్జి మిత్రులు' అని ఒక గ్రూపు పెట్టాడు. చుట్టుపక్కల లాడ్జిల మేనేజర్లందరూ అందులో ఉన్నారు, బస్టాండు దగ్గర డ్యూటీ చేసే కానిస్టేబుల్ సత్తియ్య కూడా ఉన్నాడు. ఎవరైనా ఒంటరిగా వచ్చి గది అడిగితే, ఆధార్ కోసమని చెప్పి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఫొటో పడగానే జానకిరామ్ ఒకటే మాట కొట్టేవాడు: 'ఇవ్వొద్దు. సత్తియ్య గారికి చెప్పి బస్సెక్కించండి.' ఆ మనిషి ఇంకే లాడ్జి మెట్లెక్కినా అందరూ తల అడ్డంగా ఊపేవాళ్ళు. ఈలోగా సత్తియ్య వచ్చి, ఏ ఊరని అడిగి, ఆ ఊరి బస్సెక్కించి, దారిలో దిగనివ్వొద్దని కండక్టరుకి అప్పజెప్పేవాడు. ప్రాణాలు కాపాడుతున్నామని గ్రూపులో ఒకరికొకరు దణ్ణాల బొమ్మలు పెట్టుకునేవాళ్ళు. అలా ఎక్కించినవాళ్ళు తర్వాత ఏమయ్యారో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఊరి పొలిమేర దాటాక అది లాడ్జివాళ్ళ తలనొప్పి కాదు కదా.

జానకిరామ్‌కి ఒక చెల్లెలుంది, సత్యకుమారి. మొగుడు వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టుకున్నాక ఆత్రేయపురంలో పూతరేకులు తీసే పనిలో కుదిరింది. రోజంతా పొయ్యి మీద బోర్లించిన కుండ ముందు కూర్చుని, పిండినీళ్ళలో ముంచిన గుడ్డ దాని మీద లాగి రేకులు తీస్తుంది. వేళ్ళ చివర్లు కాలి కాలి మొద్దుబారిపోయాయి. ఒకసారి అన్నకిద్దామని నేతి పూతరేకులు పొట్లం కట్టుకుని నేరుగా లాడ్జికి వచ్చింది. గదులు ఊడ్చే తాతాజీ ఆమెని కిందనుంచి పైదాకా చూసి, "ఈవిడ ఏ రూమ్‌కండీ?" అని ఇకిలించాడు. తాతాజీ చెంప పగలగొట్టాల్సిన జానకిరామ్ చెల్లెల్ని రోడ్డు మీదకి తీసుకెళ్ళి ఆమెని కడిగేశాడు. "ఆడది ఒంటరిగా లాడ్జికొస్తే నలుగురూ ఏమనుకుంటారో తెలుసా నీకు? ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకు. ఈ ఊళ్ళో ఏ లాడ్జిలోనూ నా పేరెత్తకు" అన్నాడు. ఆమె తలూపి, పొట్లం అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. సత్యకుమారి ఒకసారి సరేనంటే ఇక మాట తప్పే మనిషి కాదు. కొందరి ఖర్మ అలా ఉంటుంది.

ఈ మధ్య ఆమె రొమ్ములో గడ్డ తేలింది. రాజమండ్రి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ కోసం నెలల తరబడి తిరిగితే చివరికి వంతు వచ్చింది. పరగడుపున పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలి, ఆలస్యమైతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. ఇప్పటికే బాగా ముదిరిందని, ఇక వాయిదా వెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఊరినుంచి మొదటి బస్సు ఆ వేళకి అందదు. అందుకని జానకిరామే, "ముందురోజే వచ్చెయ్. బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి. నేనొచ్చి ఇంటికి తీసుకెళతా" అన్నాడు. అతని భార్య పాలకొల్లులో పెళ్ళికి వెళ్ళింది. ఇంటి తాళంచెవి అతని జేబులోనే ఉంది.

ఇంటర్వ్యూ కూడా సరిగ్గా ఆ ముందురోజే పడింది. ఆ విషయం చెల్లెలికి చెప్పాడు కూడా, ఆమె సంతోషించింది. తీరా ఆమె బస్సు దిగి ఫోన్ చేసేసరికి జానకిరామ్ సెలూన్లో జుట్టుకి రంగు వేయించుకుంటున్నాడు. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే కట్ చేసి, ఫోన్ మోగకుండా పెట్టేశాడు. బస్టాండులో బెంచీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, ఒక పూట కూర్చుంటే అరిగిపోదులే అనుకున్నాడు. జబ్బు చేసిన మనిషి అంతసేపు కూర్చోలేదన్న ఆలోచన అతనికి రాలేదు. వచ్చినా రంగు ఆరేదాకా లేచేవాడు కాదు.

నదీతీర హోటల్ లాబీ చల్లగా, అగరుబత్తి కాని ఏదో ఖరీదైన వాసనతో ఉంది. సోఫాలో మునిగిపోకుండా అంచు మీద కూర్చున్న జానకిరామ్ చేతిలో ఫోన్ వణికింది. గ్రూపులో పక్క లాడ్జి మేనేజరు రాజ్ కుమార్ ఒక ఫొటో పెట్టాడు. కింద, 'సింగిల్ లేడీ. నిలబడలేకపోతోంది. మొహం తేడాగా ఉంది' అని రాశాడు. ఫొటో ఇంకా మసకగానే ఉంది, తెరుచుకోలేదు. దానికోసం ఆగే అలవాటు జానకిరామ్‌కి ఎప్పుడూ లేదు. వేళ్ళు వాటంతటవే కదిలాయి: 'ఇవ్వొద్దు. సత్తియ్య గారికి చెప్పి బస్సెక్కించండి.' అప్పుడే లోపలికి రమ్మన్నారు.

జనరల్ మేనేజరు ఆశాజ్యోతి అతనికన్నా చాలా చిన్నది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, పెద్ద పెద్ద ఊళ్ళలో పనిచేసి వచ్చింది. కసురుకోవడం ఆమెకి తెలీదు. నవ్వుతూనే నరాలు తీసే రకం.

"మీ లాడ్జిలో ఒంటరిగా వచ్చినవాళ్ళకి రూమ్ ఇవ్వరట కదండీ?" అంది.

"ప్రాణం పోయినా ఇవ్వమండి."

"మా గెస్టుల్లో సగం మంది ఒంటరిగా వచ్చేవాళ్ళే. భీమవరం రొయ్యల వ్యాపారానికొచ్చేవాళ్ళు, డాక్టర్లు, కంపెనీల ఆఫీసర్లు. మరి వాళ్ళనేం చేస్తారు?"

జానకిరామ్‌కి ఎక్కబోయే మెట్టు కాలికింద కదిలినట్టయింది. "ఆ సింగిల్ వేరు, ఈ సింగిల్ వేరండి మేడమ్. మనిషిని చూడగానే చెప్పేస్తాను. కావాలంటే చూడండి, ఇందాకే ఒక కేసు వచ్చింది" అంటూ గ్రూపు తీసి ఫోన్ ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలితో నొక్కింది. ఫొటో ఇద్దరి మధ్యా తెరుచుకుంది.

ఆకుపచ్చ నేతచీర. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. ఎడమచెయ్యి చంక కింద అదిమి పట్టుకుని, ఆధార్ ఫొటోకి చూసినట్టు బుద్ధిగా కెమెరాలోకి చూస్తోంది సత్యకుమారి.

"ఎవరీవిడ?" అంది ఆశాజ్యోతి.

మా చెల్లెలండి అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ఎదురుగా ఉన్న మేడమ్‌ని, వెనకాల అద్దంలోంచి కనిపిస్తున్న గోదావరిని, బయట టై కట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళని చూసి వెనక్కెళ్ళిపోయింది.

"ఎవరో మేడమ్. సింగిల్."

"చెప్పండి మరి. ఈవిడ్ని చూస్తే మీకేం తెలిసింది?"

"హవాయి చెప్పులండి. సంచి చూడండి, బట్టల కొట్టువాడు ఇచ్చింది. మెళ్ళో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. వేళ్ళ మీద కాలిన మచ్చలున్నాయి, పొయ్యి దగ్గర పనండి. మొగుడు వదిలేసుంటాడు." అన్నీ నిజాలే కాబట్టి ఎక్కడా తడుముకోలేదు. చెబుతున్నకొద్దీ ధైర్యం వచ్చింది, ఇంకా సిగ్గులేని సంగతేమిటంటే, బాగా చెబుతున్నానన్న తృప్తి కూడా కలిగింది. "ఇలాంటివాళ్ళు మన మెట్లెక్కరండి. ఎక్కినా సెక్యూరిటీ దగ్గరే ఆపెయ్యొచ్చు."

"చెయ్యి అలా పట్టుకుందేంటి? ఒంట్లో బాగోలేదేమో."

"జబ్బుంటే మరీ ప్రమాదం మేడమ్. గదిలో ఏదన్నా అయితే మన మెడకి చుట్టుకుంటుంది."

అప్పుడే సత్తియ్య మెసేజి పడింది: 'ఆత్రేయపురం బస్సు ఎక్కించాను. దారిలో దింపొద్దని కండక్టరుకి చెప్పాను.' దాని కింద దణ్ణాల బొమ్మలు వరసగా రాలాయి. ఆశాజ్యోతి మెచ్చుకోలుగా తలూపి, "భలే ఫాస్ట్ అండి మీ సిస్టం" అంటుండగానే ఫోన్ ఆమె చేతిలో వణికింది. స్క్రీన్ మీద 'చెల్లి' అని వచ్చింది. దాని పైన ఏదో పెళ్ళిలో తీసిన ఫొటో. ఇందాకటి మొహమే, కాస్త ఒళ్ళున్నప్పటిది.

ఆశాజ్యోతి దాన్ని తీరిగ్గా చూసింది. కాల్ ఆగిపోయేదాకా చూసింది. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టి, వేలితో అతనివైపు జరిపింది.

"మాట్లాడరా?"

"తర్వాత మాట్లాడతానండి."

"జానకిరామ్ గారూ, మా ఫ్రంట్ ఆఫీసులో అందరూ మంచివాళ్ళేనండి. అదే వచ్చిన చిక్కు. ఎవడో వచ్చి కష్టం చెప్పుకుంటే కరిగిపోయి రేటు తగ్గించేస్తారు. మొహమాటం లేని మనిషి కోసం ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నాను." ఆమె ఎప్పటిలాగే నవ్వుతోంది. "రేపు పొద్దున్న ఆరింటికల్లా యూనిఫాంలో ఉండాలి. చైర్మన్ గారు వస్తున్నారు. కింద దర్జీ ఉన్నాడు, కొలతలిచ్చి వెళ్ళండి. రేపు పొద్దున్న మీకేమైనా ఇబ్బందా?"

ఆమె కావాలనే అడిగింది. రేపు పొద్దున్న ఏముందో ఆమెకి తెలియకపోవచ్చు గాని, ఏదో ఉండే ఉంటుందని మాత్రం తెలుసు.

"ఏం లేదు మేడమ్" అన్నాడు జానకిరామ్.

దర్జీ కింద, సామాన్లు దించే లిఫ్టు పక్క గదిలో ఉన్నాడు. టేపు మెళ్ళో వేసుకుని చేతులు చాపమన్నాడు. జానకిరామ్ ఒక చెయ్యి చాపి, రెండో చేత్తో చెల్లెలికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఇంటర్వ్యూ అయిపోయిందా?" వెనకాల బస్సు చప్పుడు.

"అయింది. వచ్చింది ఉద్యోగం."

"పోన్లే, దేవుడున్నాడు" అంది. ఆ గొంతులో నిజంగానే సంతోషం ఉంది. "నువ్వు పనిలో ఉన్నావని తెలుసు. కూర్చోలేక కాసేపు నడుం వాలుద్దామని రెండు మూడు లాడ్జిల్లో అడిగా. మీ లాడ్జికి రాలేదులే. ఎవరూ ఇవ్వలేదు. ఈలోగా పోలీసాయనొచ్చి బస్సెక్కించేశాడు. మంచాయనే పాపం, టిక్కెట్టు కూడా ఆయనే తీశాడు. దిగుతానంటే కండక్టరు దిగనివ్వట్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దాటేశాం."

"సార్, జేబులో ఏదో ఉంది, తీసెయ్యండి. నడుం కొలత తేడా వస్తది" అన్నాడు దర్జీ. జానకిరామ్ ఇంటి తాళంచెవి తీసి పక్కనున్న కుర్చీ మీద పెట్టాడు.

"అన్నయ్యా, ఊరు చేరేసరికి తిరుగు బస్సులుండవు. తెల్లారగట్ల నువ్వు బండేసుకుని వస్తే, టయానికి ఆసుపత్రిలో ఉండొచ్చేమో" అంది ఆమె మెల్లిగా.

"రేపు పొద్దున్నే ఇక్కడ ఉండాలి సత్యా. మొదటిరోజు. చైర్మన్ గారొస్తున్నారు."

"సరేలే. మొదటిరోజే మానేస్తే ఏం బాగుంటుంది? మళ్ళీ వంతు రాకపోతుందా" అంది. తర్వాత అన్నకి ధైర్యం చెప్పడానికి అన్నట్టు గొంతు తగ్గించింది. "నువ్వేం కంగారుపడకు, నీ పేరు ఎక్కడా ఎత్తలేదు. ఆ పోలీసాయన మరీ మరీ అడిగాడు. ఈ ఊళ్ళో నీవాళ్ళెవరైనా ఉంటే చెప్పమ్మా, నేనే తీసుకెళ్ళి అప్పజెబుతానన్నాడు."

"ఏం చెప్పావు?"

"ఎవరూ లేరని చెప్పాను."

దర్జీ కొలత రాసుకుని, టేపు చుట్టుకుంటూ, "అయిపోయింది సార్, చెయ్యి దించండి" అన్నాడు.