రంగు తినే గడ్డి

ఆ పొద్దున బస్తీ బోరు ఎర్రటి నీళ్లు కక్కింది.

ఎందుకో మనోజకు ఒకరు చెప్పక్కర్లేదు. నిన్న స్టూడియో రంగుల గదిలో అరవై మంది డాన్సర్ల లంగాల్ని ఆ ఎరుపులో ముంచింది తనే. ఫిల్మ్‌నగర్ కొండమీద రంగు కడిగిన నీళ్లు గొట్టంలోంచి నాలాలోకి, నాలాలోంచి బస్తీ నేలలోకి దిగుతాయి. నాలా చూసి రేపటి పాట ఏ రంగో చెప్పేస్తారు బస్తీ పిల్లలు. ఆ నీళ్లకే మనోజ కూతురు పూజితకు చేతులనిండా పొక్కులు.

దారి చూపింది బస్తీలో డిగ్రీ చదివే శ్రీనిధి. వీరయ్య తన షెడ్డులో పుట్టగొడుగులు కోసుకున్నాక పారేసే గడ్డిని బస్తాల్లో కుక్కి నాలాకు అడ్డం వేయించింది. గడ్డిలో అల్లుకున్న తెల్లబూజు రంగును విరిచి తినేస్తుందంది. తినేసింది. కొద్దిరోజుల్లో నీళ్లు తేటపడ్డాయి, పూజిత పొక్కులు మానాయి.

మనోజ చేసిన తప్పల్లా సంబరం పట్టలేక మేనేజర్ రవిచంద్రకు చెప్పడం. "మన గొట్టానికే కట్టుకుందాం సార్, గడ్డి మేమిస్తం."

ఆయన కెమెరాతో దిగాడు. బస్తాల పక్కన నిలబడి, ఇదంతా మా స్టూడియో సేవ అన్నాడు. మర్నాడే, స్టూడియోలో అరకొరగానైనా నీళ్లు శుద్ధిచేస్తున్న యంత్రాన్ని ఆపించాడు. "మీ బూజు ఉందిగా అమ్మా! ఇంకా కరెంటు దండగెందుకు?"

విషమంతా మీదపడి వారంలో బూజు నల్లబడి చచ్చింది. పూజిత చేతులు మళ్లీ పొక్కాయి.

"నీ నోట్ల మన్ను పడ! ఆనికెందుకు చెప్పినవే?" బస్తీ మీటింగులో వీరయ్య మండిపడ్డాడు. అంతలోనే మెత్తబడ్డాడు. "సరే తియ్, వారం వారం కొత్త గడ్డి ఇస్త."

"వద్దు మామా!" మనోజ లేచింది. "మనమెంత గడ్డేస్తే ఆడంత విషం వదుల్తడు. ఆని పాపం మనమెందుకు కడగాలె? బూజుండాల్సింది మన నాలాల కాదు, ఆని గొట్టంల."

"ఇనకపోతే?"

"ఆని నీళ్లు ఆనింట్లనే ఉంటయ్."

తెల్లారి బస్తీ కొండెక్కింది. గడ్డి బస్తాలన్నీ గొట్టం మూతికి సందు లేకుండా బిగించింది. లోపల మనోజ రోజూలాగే రంగు తొట్టి తూము తీసింది. దారి దొరకని ఎరుపు వెనక్కి తన్ని, తెల్లటి రాజమహల్ సెట్టు మెట్లెక్కింది.

"ఎవరే చేసింది?" రవిచంద్ర గొంతు చించుకున్నాడు.

పోలీసులొచ్చారు. "రంగు చేతులోళ్లు ముందటికి రాండ్రి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రంగుల గది వాళ్లంతా చేతులెత్తారు. ఆ నీళ్లలో బట్టలుతికిన బస్తీ ఆడవాళ్లూ ఎత్తారు. ఏ చెయ్యి చూసినా ఎరుపే.

తూము తీసింది తనే కాబట్టి మనోజను మాత్రం వ్యానులోకి తోశారు. తలుపు పట్టుకుని అరిచింది: "మిషన్ నడవాలె! గొట్టానికి గడ్డి కట్టాలె! అప్పటిదాంక తొట్టి ముట్టకుండ్రి!"

మర్నాడు నాలాలో ఏ రంగూ లేదు. రంగుల గదిలో ఒక్క చెయ్యీ తడవలేదు.