మేకుకు మిగిలిన బిళ్ళ

కోదాడ అవతలి సున్నపురాయి గని దగ్గర టీ కాసే పెంటమ్మకు ఆ బిళ్ళల పలకంటే మొదట్నుంచీ ఒళ్ళుమంట. గనిలోకి దిగే ప్రతి మనిషికీ పేరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటుంటుంది. దిగేటప్పుడు పలక మీది మేకుకు తగిలించాలి, పైకొచ్చాక తీసి జేబులో వేసుకోవాలి. హాజరు కూడా దాన్ని చూసే వేస్తారు. ప్రమాదం సైరన్ మోగిందా, అందరూ పైకొచ్చి ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. మేకుకు ఎవరిది మిగిలితే వాడు లోపల చిక్కుకున్నట్టు. పద్ధతి బంగారమే. పాటించేది మనుషులు కదా, అదీ చిక్కు. పెంటమ్మ గరిటెతో పళ్ళెం కొడితే టీ కోసం గనంతా ఉరికొస్తుంది. సైరన్ మోగితే మాత్రం ఒక్కడికీ కాలు కదలదు.

రాత్రి వానకు నానిన పడమటి గట్టు ఆ పొద్దున పెళపెళమని జారింది. సైరన్ మోగింది. లింగయ్య సగం తాగిన టీ గ్లాసు పట్టుకుని పెండ్లి ఊరేగింపులో నడిచినట్టు ఎక్కి వచ్చాడు.

“సచ్చేటప్పుడు గూడ టీ గావాల్నా నీకు?” అంది పెంటమ్మ.

“పారబోస్తే నువ్వే తిడుతవ్ గదా అక్కా!”

సేఫ్టీ ఆఫీసరు వేణు విజిల్ ఊదడం ఆపనే లేదు. ఒకడు బిళ్ళ తీసుకోకుండానే ముచ్చట్లకు నిలబడ్డాడు. ఇంకొకడు తనదనుకుని పక్కవాడిది తీశాడు. అరిచి, తిట్టి, అన్నీ సర్దేసరికి పలక మీద ఒక్కటే మిగిలింది. భీమ్లాది.

ఆఫీసు ముందు ఊడుస్తున్న ద్వాళి చీపురు వదిలేసి కూలబడింది. భీమ్లా ఆమె పెనిమిటి.

“పనికే పోతున్నన్నడు పెద్దమ్మా! పొద్దుగాల నా చేతి రొట్టె తినే పోయిండు!” అని గుండెలు బాదుకుంటుంటే, పెంటమ్మ ఆమెను ఒళ్ళోకి తీసుకుంది.

“రెస్క్యూ టీమ్, దిగండి!” అన్నాడు వేణు.

ముందుకొచ్చింది యాకోబు. పెంటమ్మకున్న ఒక్క కొడుకు. ఆమె వేణుకు అడ్డమొచ్చింది.

“ఓ సారూ, గట్టు ఇంక రాలుతనే ఉన్నది. జర ఆగున్రి. ముందుగాల ఆ భీమ్లాకు ఫోన్ కొట్టున్రి.”

“గనిలోకి ఫోన్ తీసుకుపోవద్దని రూలమ్మా. కొట్టి ఏం లాభం?”

“రూలు, రూలు! మీ రూలు మన్నువడ!”

యాకోబు నడుముకు తాడు కట్టుకుంటూ తల్లి వైపు చూశాడు. “మనిషి రాళ్ళ కింద ఉంటే ఆగుతరా అమ్మా? నేనే లోపలుంటే ఆగుమంటవా?”

వాడు ఇంకో ఇద్దరితో దిగిపోయాడు. ఏసయ్యా, ఏసయ్యా అనుకుంటూ అటూ ఇటూ చూసిన పెంటమ్మ కంట్లో ద్వాళి తమ్ముడు బిచ్చా పడ్డాడు. బావ రాళ్ళ కింద, అక్క మట్టిలో పడి ఏడుస్తోంది. వీడేమో దూరంగా నిలబడి బూటు ముక్కుతో నేల గీకుతున్నాడు. వాడు పుట్టినప్పటి నుంచీ ఆమెకు తెలుసు. చిన్నప్పుడు ఆమె మేకపిల్ల కాలు విరగ్గొట్టిన రోజు కూడా అచ్చం ఇట్లాగే నేల గీకాడు.

లేచి వెళ్ళి కాలరు పట్టుకుంది. “చెప్పు! నా కొడుకు గాడ రాళ్ళ కిందికి పోయిండు. నువ్వు గీడ నేల గీకుతున్నవ్. చెప్తవా, తోలు తియ్యాల్నా?”

“బావ గనిల లేడు పెద్దమ్మా…” బిచ్చా నేల వైపే చూస్తూ చెప్పాడు. “కొంటనని పాత జీపు సూడ సూర్యాపేట పోయిండు. హాజరు పోవద్దని బిళ్ళ నాకిచ్చిండు. నేనే తగిలేసిన. అక్కకు తెలిస్తే సంపుతదని…”

ద్వాళి ఏడుపు టక్కున ఆగింది. “జీపా?”

“సారూ, వాళ్ళను పిలువు! పైకి పిలువు!” అని పెంటమ్మ అరిచింది.

వేణు విజిల్ ఊదాడు. కింద ఒక్కరూ తల తిప్పలేదు. పొద్దున్నుంచీ ఊదుతున్న విజిల్ ఆగమని చెబుతోందో, పొమ్మని చెబుతోందో వాళ్ళకేం తెలుసు? పెంటమ్మ టీ కొట్టుకు ఉరికింది. పళ్ళెం అందుకుని గరిటెతో బాదింది. గరిటె వంకర పోయేదాకా బాదింది.

కింద యాకోబు ఆగాడు. తలెత్తి చూశాడు. తల్లి చెయ్యి ఊపడం చూసి వెనక్కి తిరిగాడు. ముగ్గురూ సగం దారి ఎక్కారో లేదో, గట్టు ఇంకో వరస జారి వాళ్ళు ఇందాక నిలబడ్డ చోటంతా రాళ్ళతో నిండిపోయింది.

వేణు భీమ్లాకు ఫోన్ కలిపాడు. అవతలి నుంచి హారన్ మోత.

“హలో, ఎవరూ? జీపు మస్తున్నది!”

ద్వాళి ఫోన్ గుంజుకుంది. “రా, నువ్వు ఇంటికి రా! ఆ జీపుకే కట్టేసి గుంజకపోతే నేను ద్వాళినే గాదు!” అంటూనే మళ్ళీ ఏడ్చింది. బిచ్చా మాత్రం ఈసారి అక్క దగ్గరికొచ్చి, ఆమె కొట్టిన దెబ్బలన్నీ నోరెత్తకుండా తిన్నాడు.

యాకోబు దుమ్ము కొట్టుకున్న ముఖంతో కొట్టు ముందు చతికిలబడ్డాడు. పెంటమ్మ టీ పోసిచ్చింది. సగం గ్లాసులో, సగం వాడి చేతి మీద. వాడొక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

“అమ్మా, చక్కెర ఎయ్యలే.”

“చక్కెర గూడ గావాల్నారా నీకు!” అని వాడి వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చెయ్యి అక్కణ్ణుంచి తియ్యలేదు.