మొహమాటపు భుజాలు

మా ఆయనకి రెండు ఉద్యోగాలు, ఒక జీతం. పొద్దున ఆస్పత్రిలో డాక్టరు, మధ్యాహ్నం నుంచి పక్కనే ఉన్న వైద్య కళాశాలలో పరిశోధకుడు. ఎప్పుడు చూసినా కాలేజీలోనే ఉంటాడని ఆస్పత్రి పెద్ద డాక్టరూ, ఆస్పత్రి వదిలి రాడని కాలేజీ ప్రొఫెసరూ విసుక్కునేవారు. ఇంట్లో ఉండరని నేను విసుక్కునేదాన్ని. ముగ్గురిలో నా మాటే నిజం.

ఆయన పరిశోధన భుజం పట్టేసిన వాళ్ళ మీద. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని గోడ మీద మెల్లగా పైకి పాకిస్తూ చెయ్యి ఎత్తాలి. రోజూ అలా చేస్తే భుజం వదులవుతుందా లేదా అన్నది ప్రశ్న. నెలనెలా ఆయనే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, "రోజూ చేస్తున్నారా?" అని అడిగేవారు. అందరూ చేస్తున్నామనే చెప్పారు. అయినా చాలామంది భుజాలు ఉన్నచోటే ఉన్నాయి. వాటిలో మా అత్తగారిది కూడా ఒకటి. దాంతో ఈ వ్యాయామం వల్ల ఉపయోగం లేదని ఆయన తేల్చేశారు.

తేల్చినదాన్ని ఆస్పత్రీ కాలేజీ కలిసి వేసిన కమిటీ ముందు చెప్పాలి. నచ్చితే ఈ సగం సగం ఉద్యోగం ఖాయం చేస్తారు. లేదంటే ఆస్పత్రో కాలేజీయో, ఏదో ఒకటి వదులుకోవాలి. ఒకటి పోతే కనీసం భోజనానికైనా ఇంటికి వస్తారు కదా అన్నాను ముందురోజు. ఆయన కోపగించుకోలేదు.

"రోగుల్ని చూడకపోతే ఏం వెతకాలో నాకు తెలీదు. వెతకడం మానేస్తే వాళ్ళకి ఏం చెప్పాలో తెలీదు. ఏది వదలమంటావు చెప్పు."

ఆ మొహం చూశాక నా మాట వెనక్కి తీసుకున్నాను. ఆ ఉద్యోగం ఆయనకే దక్కాలని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు కాలేజీ హాల్లో ముందు వరసలో కమిటీ కూర్చుంది. వెనక వరసల నిండా ఆయన పేషెంట్లు. మావాడికి అండగా ఉండాలంటూ ఆస్పత్రి బెంచీల మీద ప్రచారం చేసి మరీ మా అత్తగారు వాళ్ళని పోగేశారు. మా ఆయన గొంతు వణికింది, తెర మీద ఒక బొమ్మ తలకిందులుగా వచ్చింది, అయినా ఎలాగో చివరిదాకా లాక్కొచ్చారు.

కమిటీ అధ్యక్షురాలు, జుట్టు నెరిసిన డాక్టరమ్మ, కళ్ళజోడు తీసి అడిగింది. "ఇంతమందీ మానకుండా చేశారా? నా పేషెంట్లు మాత్రలే సరిగ్గా మింగరు. మీకు అనుమానం రాలేదా?"

"నాతో అబద్ధం ఎందుకు చెప్తారండీ?" అన్నారు మా ఆయన.

వెనక వరసల్లో దగ్గులు మొదలయ్యాయి.

"అయితే ఈ వ్యాయామం దండగ అంటారు."

"అవునండీ."

మా అత్తగారు ఇక ఉండబట్టలేక లేచారు. "దండగో కాదో తెలియాలంటే చెయ్యాలి కదా నాయనా. నేను నాలుగు రోజులు చేసి మానేశాను."

"రోజూ చేస్తున్నానని చెప్పావు కదమ్మా."

"నువ్వు అన్నం కూడా తినకుండా వచ్చి, అంత ఆశగా అడుగుతుంటే లేదని ఎలా చెప్పనురా?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళ కష్టం అక్కడే మట్టిపాలయింది. నాకు ఏడుపొచ్చింది. అత్తగారి మీద ఒళ్ళు మండింది కూడా.

ఆయన వెనక వరసల వైపు తిరిగి, "ఇంకా ఎవరెవరు చెయ్యలేదు? చేతులెత్తండి, నేనేం అనుకోను," అన్నారు. ఆస్పత్రి అలవాటు కొద్దీ, "బాగున్న చెయ్యి కాదు, పట్టేసిన చెయ్యి," అని కూడా అన్నారు.

ఒక్కొక్కటే చేతులు లేచాయి. లేచాయనే గాని, చెవి దాకా కూడా రాకుండానే ఆగిపోయాయి. ఒకాయన రెండో చేత్తో మోచేతిని పైకి తోసుకుంటున్నాడు.

"నిజంగా చేసినవాళ్ళు?" అంది డాక్టరమ్మ.

కిటికీ పక్కన కూర్చున్న కొద్దిమంది చేతులెత్తారు. అవి నిటారుగా పైకి లేచాయి.

హాలంతా అటు తిరిగింది. మా ఆయన మైకు వదిలేసి వాళ్ళ దగ్గరికి పరుగెత్తారు. ఒకామె చెయ్యి పట్టుకుని వెనక్కీ పక్కకీ తిప్పుతూ, ఎక్కడైనా లాగుతోందా అని అడుగుతూ, కమిటీ సంగతే మరిచిపోయారు. డాక్టరమ్మ ఆయన్నే చూస్తూ కూర్చుంది.

"రాసింది పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టండి," అంది చివరికి. "ఉద్యోగం ఎక్కడికీ పోదు. కానీ వైద్యం వరకే మీరు. చేశారా లేదా అని అడగడానికి మొహమాటం బొత్తిగా లేని మనిషి కావాలి."

"మా కోడలుంది," అన్నారు అత్తగారు వెంటనే.

నేను బీమా ఆఫీసులో క్లెయిములు తనిఖీ చేస్తాను. ఎవరేం చెప్పినా నమ్మకపోవడమే నా పని. అత్తగారన్నది పొగడ్తో తిట్టో నేను తేల్చుకునేలోపు, ఇంటివాళ్ళు అసలే వద్దంది డాక్టరమ్మ, అత్తగారి వైపు చూస్తూ.

ఇంటికొచ్చాక ఆయన బూట్లు కూడా విప్పకుండా కుర్చీ అంచున కూర్చున్నారు. "ఎలా మాట్లాడాను? నిజం చెప్పు."

వణికిన గొంతూ, తలకిందులైన బొమ్మా నోటిదాకా వచ్చాయి. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు మనిషి. అంత ఆశగా చూస్తున్నారు.

"చాలా బాగా మాట్లాడారు," అన్నాను.

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు నా వైపు ఒకసారి చూశారు. గోడ దగ్గరికి నడిచి, వేళ్ళు పైకి పాకించడం మొదలుపెట్టారు.