పిన్ని చేతి బోణీ

మాచర్లలో ఆ చీరల కొట్టు వాళ్లింట్లో పెద్దకోడలు కన్యకాపరమేశ్వరి, చిన్నకోడలు మాధురి. గల్లాపెట్టె తాళాలు ఎప్పుడూ పెద్దామె బొడ్లోనే. అయినా ఏం లాభం? కన్నకూతురు సాయిసాత్విక బడినుంచి రావడం ఆలస్యం, "పిన్నీ!" అంటూ మాధురి దగ్గరికే పరుగు. ఇంగ్లీషు పిన్నే చెప్పాలి, లెక్కలు పిన్నే చెప్పాలి, ఆఖరికి జడ కూడా పిన్నే వెయ్యాలి. కన్నదెవరు, ఆ పిల్ల పట్టుకు తిరిగే కొంగెవరిది! పరమేశ్వరికి కడుపు రగిలిపోయేది.

ఆ మంట ఒక ఆదివారం పొద్దున్నే బయటపడింది. తొలి బేరం ఎప్పుడూ వచ్చే మైమూనాది. చీర తీసుకుని ఆమె డబ్బులు మాధురి చేతిలో పెట్టబోతుంటే పరమేశ్వరి విసురుగా వచ్చి మధ్యలోనే అందుకుంది.

"దాని చేతి బోణీ వద్దమ్మా. మొన్న అది బోణీ చేస్తే పొద్దుగూకులూ ఈగలు తోలుకుంటా కూర్చున్నాం."

మైమూనా మొహం పక్కకి తిప్పుకుంది. మాధురి పరిచిన చీరలు మడతపెట్టబోయింది గానీ ఒక్క మడతా కుదరలేదు. బల్ల పక్కన సాత్విక అంతా చూస్తూనే ఉంది. పరమేశ్వరికి మాత్రం ప్రాణం ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం ఆ పిల్ల పుస్తకం పట్టుకుని మళ్లీ పిన్ని దగ్గరే చేరింది.

"పిన్నీ, హ్యుమిలియేటింగ్ అంటే ఏంది? సొంతంగా ఒక వాక్యం రాయమంది మిస్."

పక్కనే పూలు కడుతున్న పరమేశ్వరి చెవులు రెండూ అటే. నన్నడగదే! నాకేం రాదని తేల్చేసుకుందా?

"నలుగురి ముందూ మనల్ని ఎవరన్నా చులకన చేసి, తలెత్తుకోనియ్యకుండా చేస్తే, దాన్ని అట్టా అంటారు," అంది మాధురి.

"పొద్దున అమ్మ నిన్ను బోణీ చెయ్యనియ్యలా, అట్టనా?"

మాధురి ఉలిక్కిపడింది. "ఛ, అది కాదులే. అక్క ఏదో చిరాకులో అంది. వేరేది రాసుకో."

వెనకేసుకొస్తోంది! మంచితనంలోనూ దీనిదే పైచెయ్యా! పరమేశ్వరి ఒళ్లు భగ్గుమంది.

సాత్విక నమ్మలేదు. లేచొచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. ఇంగ్లీషు మాట గురించి ఆ పిల్ల తల్లిని అడగడం అదే మొదలు.

"అమ్మా, నువ్వు చెప్పు. కరెక్టా, కాదా?"

ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిందో అలా ఒక్కసారి అడగడం కోసం! కాదంటే సరిపోతుంది, మాధురి కూడా కాదనే అందిగా. పరమేశ్వరి మాధురి వంక చూసింది. మాధురి తలెత్తలేదు.

"కరెక్టే," అంది పరమేశ్వరి. "అదే రాసుకో."

సాత్విక వెళ్లి మళ్లీ పిన్ని పక్కనే కూర్చుని రాసుకుంది.