సోఫా జరిపిన బొటనవేలు

అమెరికాలో డేటన్ ఊరి పడమటి పేట జనానికి ఎల్బర్ట్ గాస్కిన్స్ బొటనవేలంటే ఎంత భక్తి అంటే, అతనికి చెయ్యి కలిపేటప్పుడు కూడా ఆ వేలు నలగకుండా చూసుకునేవారు. బేస్ గిటార్ లావుపాటి తీగను ఆ వేలితో కొట్టి, డెబ్బై ఏడులో ‘సోఫా జరుపు’ అనే పాటతో దేశాన్నంతా గంతులేయించాడని వాళ్ళ గర్వం. పాటలో మాటలు నాలుగంటే నాలుగు, తక్కినదంతా బేసే. పెళ్ళి విందుల్లో అది మొదలైతే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా కుర్చీలు వెనక్కి నెట్టేసేవారు. ఇప్పుడు, నలభై ఒక్కేళ్ళ తర్వాత, అతను పుట్టిన వీధి మొగకు అతని పేరు పెడుతున్నారు. పేటంతా సంబరంగా ఉంది. ఎల్బర్ట్ ఒక్కడికే వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. ఆ పాటలో బేస్ వాయించింది అతను కాదు మరి.

రికార్డింగుకు ముందురోజు చర్చి నేలమాళిగలో చేపలు వేయించే వంతు అతనిది. పళ్ళెంలోంచి జారిన ముక్కను బాణలి అంచున పట్టుకోబోయాడు. చేప దక్కింది గానీ వేలు బొబ్బలెక్కింది. స్టూడియో ఆ ఒక్క పూటకే దొరికింది. చేసేది లేక బ్యాండు వాళ్ళు చర్చిలో ఆర్గన్ వాయించే వర్నెల్ టిస్‌డేల్ కాళ్ళావేళ్ళా పడ్డారు. బేస్ వాయించేవాడు డుమ్మా కొట్టిన ఆదివారాల్లో ఆ పని ఆవిడ ఎడమ చెయ్యే చక్కబెట్టేది. స్టూడియోలో కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డు ముందు కూర్చుని, నెత్తిన టోపీ కూడా తీయకుండా, ఆ ఎడమ చేత్తోనే ఇరవై నిమిషాల్లో కానిచ్చేసింది. మధ్యలో ఒకచోట స్వరాన్ని అలా కిందికి జార్చింది. వింటున్న ఎల్బర్ట్‌కు ఒళ్ళు జలదరించింది.

“నా పేరు మాత్రం బయటికి రానీకు నాయనా,” అంది వెళ్తూ. “ఇలాంటి గంతుల పాటకి వాయించానని తెలిస్తే పాస్టర్‌గారు నన్ను ఆర్గన్ బల్ల మీంచి లేపేస్తారు.”

ఎల్బర్ట్ కట్టు కట్టిన చేత్తోనే ఒట్టేశాడు. రికార్డు అట్ట మీద బేస్ దగ్గర అతని పేరు అప్పటికే అచ్చయిపోయింది కూడా.

తర్వాత ఆవిడ దగ్గరే కూర్చుని ఆ బేస్ నేర్చుకున్నాడు. అంతా పట్టుబడింది, ఆ జారుడు తప్ప. వేదిక మీద దాన్ని దాటేసేవాడు. అభిమానులు దానికీ అర్థం చెప్పారు: రికార్డులో ఉన్నదాన్ని మళ్ళీ వాయించడట, అసలు కళాకారుడంటే అదట. ఎల్బర్ట్ తేలు కుట్టిన దొంగలా నవ్వి ఊరుకునేవాడు.

తొంభై ఒకటిలో పాస్టర్‌గారు పోయారు. ఒట్టుకు కాలం చెల్లింది. ఈస్టర్ పోనిచ్చి చెబుదామనుకున్నాడు, ఆ తర్వాత క్రిస్మస్ పోనిచ్చి అనుకున్నాడు. అలా ఇరవై ఏడు క్రిస్మస్‌లు పోనిచ్చాడు. ఆదివారం ఆదివారం వర్నెల్ ఎదురుపడి అతని రక్తపోటు ఎలా ఉందని అడిగేది. బాగానే ఉందని చెప్పి తప్పుకునేవాడు. సిగ్గేసేది అతనికి. కానీ సిగ్గు పడటం వేరు, నోరు విప్పడం వేరు.

ఈ శనివారం మాత్రం తెగించాడు. వీధి మొగలో బల్లలు వేశారు, చేపలు వేగుతున్నాయి. పేరున్న పలక మీద గుడ్డ కప్పి ఉంది. కౌన్సిల్ సభ్యుడు రిగ్స్‌బీ పొగడ్తలు ముగించి మైకు ఇవ్వగానే ఎల్బర్ట్ గబగబా చెప్పేశాడు.

“ఆ పాటలో బేస్ నాది కాదు. సిస్టర్ వర్నెల్‌ది. నా వేలు కాలి నేను మూల కూర్చున్నాను. ఈ పలక మీద ఉండాల్సింది ఆవిడ పేరు.”

 చప్పట్లు మోగిపోయాయి. ముందు వరుసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది.

“చూశారా,” అన్నాడు రిగ్స్‌బీ మళ్ళీ మైకు అందుకుని, “ఇంత పెద్ద రోజున కూడా చర్చి పెద్దావిడకి దండ వేస్తున్నాడు. వినయమంటే ఇదీ.”

“వినయం కాదయ్యా బాబూ, నిజం,” అన్నాడు ఎల్బర్ట్.

చప్పట్లు ఇంకాస్త పెరిగాయి.

ఇక లాభం లేదని వేదిక మెట్లు దిగి, వర్నెల్ చెయ్యి పట్టుకుని పైనున్న కీబోర్డు దగ్గరికి తీసుకొచ్చాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి చేతికర్ర పక్కన ఆనించి, ఎడమ చెయ్యి పెట్టింది. ‘సోఫా జరుపు’ మొదటి నుంచి చివరిదాకా, ఆ జారుడుతో సహా, పొల్లుపోకుండా దొర్లిపోయింది. ఎల్బర్ట్ గర్వంగా జనం వైపు చూశాడు. ఇప్పుడైనా నమ్మక చస్తారా అనుకున్నాడు.

ఆర్విల్ మాడక్స్ అనే ఆయన లేచాడు. పేటలో పాత రికార్డులన్నీ ఆయనింట్లోనే ఉంటాయి. పాటల సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు.

“అమ్మా, రికార్డుని అచ్చంగా దించేశారు. మెచ్చుకోవాల్సిందే,” అన్నాడు మర్యాదగా. “కానీ దించడం వేరు, పుట్టించడం వేరు. మన ఎల్బర్ట్ ఆ జారుడు మళ్ళీ ఎప్పుడైనా వాయించగా విన్నామా? సొంతవాడికి ఆ అవసరమేముంది?”

జనం అవునవునని తలలూపారు.  తనకు చేతకాక వాయించలేదని ఎల్బర్ట్ అంటే దానికీ ఓ దండ తెచ్చి మెడలో వేసేట్టున్నారు.

వర్నెల్ చేతికర్ర అందుకుంది. అతను చెయ్యి పట్టుకోబోతే వద్దంది.

“అంతా చెప్పేశావుగా ఎల్బర్ట్?”

“చెప్పాను సిస్టర్. వీళ్ళకి చెవికెక్కడం లేదు.”

“ఇప్పుడెక్కదు. పాస్టర్‌గారు పోయిన ఏడాది చెప్పుంటే ఎక్కేది. అప్పటికి స్టూడియో ఆయన బతికే ఉన్నాడు, బ్యాండులో ముగ్గురున్నారు. అందరూ చూసినవాళ్ళే.” ఆవిడ గొంతులో కోపం లేదు. “ప్రతి ఆదివారం నీ ఆరోగ్యం ఎందుకు అడిగాననుకున్నావు? ఆ మాట మీదైనా నోరు విప్పుతావేమోనని చూశాను.”

 ఆవిడ నెమ్మదిగా మెట్లు దిగి తన కుర్చీలో కూర్చుంది. రిగ్స్‌బీ తాడు లాగాడు, గుడ్డ జారింది, ఎల్బర్ట్ గాస్కిన్స్ మార్గం అని పెద్ద అక్షరాలు బయటపడ్డాయి. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్ళతో పాటు వర్నెల్ కూడా కొట్టింది.