నిద్రగన్నేరు కింద పొగ

నమాకాలో బస్సులు ఆగే సందుకు రెండు పక్కలా ఉన్న నిద్రగన్నేరు చెట్లు పోతయ్య నాటినవే. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది, తాను బస్సు నడిపే రోజుల్లో నాటి, నీళ్లు పోసి పెంచాడు. పదిహేనేళ్లకు కొమ్మలు పైన కలిసిపోయి సందంతా పందిరి వేసినట్టయింది.

ఆ నీడలోనే ఆయన భార్య గంగకు చాయ్, రోటీల కొట్టు. బస్సులు ఇంజన్లు ఆపకుండా నిలబడితే పొగంతా కొట్టులోకి వచ్చేది. టేబుల్ మీద తెల్లగుడ్డలు మధ్యాహ్నానికే బూడిదరంగుకు తిరిగేవి. చాయ్ తాగేవాళ్లు దగ్గుకుంటూ సగంలో లేచిపోయేవారు. కొమ్మలు కొట్టించమని గంగ అడిగితే, చెట్లు పొగను తాగేస్తాయనీ, దగ్గంతా ఆమె పొయ్యి వల్లేననీ పోతయ్య తేల్చేశాడు.

గంగ వాదించలేదు. మర్నాడు పొయ్యే వెలిగించలేదు. పోతయ్యకు పొద్దున చాయ్ లేదు, మధ్యాహ్నం రోటీ లేదు. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఆదివారం గంగ మేనకోడలు శోభన వచ్చింది. ఆమె లౌతోకలో సైన్సు టీచరు. సంగతి విని, గుప్పెడు అగరొత్తులు వెలిగించి మామను సందు చివర, చెట్లు దాటిన చోటికి తీసుకెళ్లింది. అక్కడ పొగ గాలికి ఇట్టే చెదిరిపోయింది. చెట్ల కిందికి వచ్చాక అదే పొగ కాసేపు తచ్చాడి, పోతయ్య మీసాల్లో చేరింది. ఆయన తుమ్మీ తుమ్మీ అక్కడే అరుగు మీద కూలబడ్డాడు.

"ఆకులు ధూళిని కొంచెం పట్టుకుంటాయి మామా, అది సచ్. కానీ రెండు పక్కలా మేడలు, పైన నీ చెట్లు. గాలి కిందికి రాదు, పొగ పైకి పోదు. గిన్నె మీద మూత మాదిరి."

"నా చెట్లు మూతనా?"

"చెట్లు నరకొద్దు. నడిమిన ఖాలీ చెయ్, అంతే."

ఏ కొమ్మ కొట్టాలో తానే చెబుతానన్న షరతు మీద పోతయ్య ఒప్పుకున్నాడు. కొమ్మలు కొట్టడానికి పిలిచిన విజేంద్ర కత్తి పట్టుకుని చెట్టెక్కాక మాత్రం ఒక్క కొమ్మకూ సరేననలేదు. ఒకదాని మీద మైనా కూర్చుందన్నాడు, ఇంకోదాని వంపు బాగుందన్నాడు. విసిగిపోయిన గంగ ఆయన్ను యంగోనా వేరు పానీయం తాగిరమ్మని పక్కింటికి పంపి, అప్పడాల కర్రతో తనే కొమ్మలు చూపించి కొట్టించింది.

తిరిగొచ్చిన పోతయ్య తలెత్తి చాలాసేపు చూశాడు. కోప్పడతాడేమోనని గంగ చాయ్ ముందే చేతికిచ్చింది.

"ఆకాశం బాగానే ఉందే," అన్నాడాయన.

బస్సులకూ కొట్టుకూ నడుమ మందారాలు కంచెలా పెంచితే ఇంకా మేలని శోభన చెప్పింది. ఎంత ఎడం వదలాలని పోతయ్య భయంభయంగా అడిగాడు. అవి ఎంత దట్టంగా ఉంటే అంత మంచిదంది. ఆ మాటకు ఆయన చాయ్ కూడా పూర్తిచెయ్యకుండా మొక్కల కోసం బయల్దేరాడు.